కత్తెర పెట్టే ముందు

జనవరి రెండో వారం. బెర్గెన్‌లో వాన
ఎప్పుడు మొదలైందో ఎవరికీ గుర్తులేదు.
కరెంటు బిల్లు వెనక రాసుకున్నాను
ఈ ఏడు చేయాల్సినవి:

ఒంటి మేజోడుకు జత అల్లాలి.
మూడేళ్లుగా అది ఏ కాలిదో తేలక సొరుగులో పడుంది.
పెట్టెలో ఊలు అయిపోయేదాకా కొత్తది కొనకూడదు.
ఇది నిరుడూ రాశాను. అంతకు ముందేడూ.
గొట్టంలా అల్లి దాచిన నీలం స్వెట్టర్ని
ధైర్యం చేసి, నిలువునా, నడిమికి కత్తిరించాలి.

నాలుగోది రాసి కొట్టేశాను.
మళ్లీ రాశాను:
లెతెబ్రహన్.

*

గురువారాలు, లైబ్రరీ పై అంతస్తు, పది కుర్చీలు.
రేడియేటర్ పక్కది నాది. పదకొండేళ్లుగా.
ఎవర్నీ రావద్దనలేదు మేం.
తలుపు తీసే ఉండేది;
తీసి ఉంచడమే పిలవడం అనుకున్నాం.

ఆమె గొడుగు దులిపి గడపలో నిలబడగానే
అందరం తలలు వంచి కుట్లు లెక్కపెట్టుకున్నాం.
ముప్పై ఆరు, ముప్పై ఏడు...
అల్లేవాళ్లకు అదో సౌకర్యం,
లెక్కలో ఉన్నవాళ్లు పలకరించనక్కర్లేదు.
కుట్టు కుట్టూ లెక్కపెట్టాం.
మనిషిని లెక్కచేయలేదు.

జిరాక్స్ మిషన్ వెనక మడత కుర్చీ
తనే వెతికి తెచ్చుకుంది.
ఆ కుర్చీ కాళ్లు నేల మీద చేసిన చప్పుడు
ఇప్పటికీ నా పళ్లలో ఉంది.

కుడిచేత్తో దారం వేసేది. మేనత్త నేర్పిందట, అస్మరాలో.
నేను నవ్వుతూనే, ఎంతో ప్రేమగానే,
"అలా కాదమ్మా, ఇలా" అని
ఆమె వేళ్లు విప్పి నా పద్ధతిలో మడిచాను.
రెండు గురువారాలు నాలాగే అల్లింది,
తప్పులతో, నెమ్మదిగా, మర్యాదగా.
మూడో గురువారం రాలేదు.

*

సిగ్వాల్డ్ చెప్పేదాకా నాకు తట్టలేదు.
చేపల పడవలో రెండు వేళ్లు పోగొట్టుకున్నవాడు.
సూదిని చంకలో ఇరికించి అల్లుతాడు.
"నా చంక చూసి భలే అన్నావు టోరున్,
ఆమె చెయ్యి చూసి దిద్దావు."
అంతే అని, జారిన కుట్టు వెతుక్కున్నాడు.

ఆ రాత్రి ఊలు పెట్టె బోర్లించాను.
అడుగున ఒక ఉండ, చీటీ మీద "చర్మం రంగు".
లాటరీ బొమ్మ కోసం నేనే ఏరి కొన్నది.
దీపం కింద నా మోచేతి మీద పెట్టి చూశాను,
మచ్చలు, నీలి నరాలు, వాన తాగిన గులాబీ తెలుపు.
నాకే సరిపోలేదు.

*

మార్చిలో ట్రామ్‌లో కనిపించింది.
ఆస్పత్రి లాండ్రీ యూనిఫాం, ఒళ్లో సగం అయిన చెయ్యి,
కుడిచేతి దారం వాన కంటే వేగంగా.
పక్కన కూర్చున్నాను. ఒక స్టాపంతా మాట పెగల్లేదు.
చెప్పబోయేసరికి తలుపులు కూతపెట్టాయి,
ఆ మాట ఆమె చెవిన పడిందో, చలిలో పడిందో.

"గురువారాలు నాకు డ్యూటీ," అంది.
ఆగి, "ఆ కుర్చీ కూడా చల్లగా ఉండేది," అంది.

ఏం చెప్పాలో తెలియక స్వెట్టర్ సంగతి చెప్పాను.
సూదుల మీంచి మొదటిసారి తలెత్తింది:
"ఇంత అల్లి? నడిమికి కోస్తారా?"
ముందు రెండు పక్కలా మిషన్ కుట్టు వేస్తాం,
ఆ తర్వాత కోసినా ఒక్క కుట్టూ జారదు, అన్నాను.
"ఎన్ని కోశావు?"
ఒక్కటీ లేదు. భయం.
ట్రామ్ మొత్తం తిరిగి చూసేలా నవ్వింది.

బిల్లు వెనక నాలుగోది ఇంకా కొట్టేయలేదు.
కొట్టేయడానికి అది నా చేతిలో లేదేమో.
గురువారాన్ని శనివారానికి మార్చమని
లైబ్రరీలో అడిగొచ్చాను. చూస్తామన్నారు.

దిగే ముందు ఆమెతో అన్నాను:
నా కత్తెర మొద్దుబారింది,
నీది తెస్తావా?

సొరుగులో నా కత్తెర
క్రిస్మస్‌కి సాన పట్టించింది పట్టించినట్టే ఉంది.